గడ్డకట్టిన ఆలివ్ నూనె

కోపం వస్తే మునీంద్రకు కళ్లు కనపడవు. రాయచోటి బస్టాండులో చిల్లర దగ్గర మాటామాటా పెరిగి కండక్టర్ ముక్కు పగలగొట్టాడు. కువైట్ వచ్చాకైనా బుద్ధి వచ్చిందా అంటే, ఆ ముచ్చటా లేదు. షుఐబాలో కూలిపని చేస్తూ, తల్లిని తిట్టాడని ఫోర్‌మన్‌ను ఇనుప పైపుతో బాదాడు. ఉద్యోగం ఊడింది. విమానం ఎక్కించేస్తారని అందరూ అనుకుంటుంటే తన షెడ్డుకు మనిషి కోసం చూస్తున్న ఉమ్ సమీర్ అనే మేడమ్ అడ్డుపడి, అక్కడ ఉండడానికి కావాల్సిన ఇఖామా కాగితం తన మీదికి మార్పించుకుంది.

ఆమె పాలస్తీనా మనిషి. పుట్టింటి ఊళ్లో చుట్టాలు ఆడించే ఆలివ్ నూనె తెప్పించి, కువైట్‌లోని దజీజ్ పేటలో చిన్న షెడ్డు పెట్టుకుని అమ్ముతోంది. “ఈ నూనె అమ్ముడైతే మా పిల్లలు గానుగ దగ్గరుంటారు. లేదంటే తుపాకుల ముందుకు పోతారు” అనేది వచ్చీరాని హిందీలో. మునీంద్రకు ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. పనిలేక లీడర్ల వెంట తిరిగిన వాళ్లన్నకు నాటుబాంబు పేలి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. అందుకే ఆ నూనెను కన్నబిడ్డలా కాచుకున్నాడు.

డబ్బాల్లో వచ్చిన నూనెను సీసాల్లో నింపే పని మహమ్మద్ గౌస్‌ది. వాడిదీ రాయచోటే. అన్నా అన్నా అంటూ వెనకే తిరిగేవాడు, షెడ్డులో వంట కూడా వాడిదే.

జనవరిలో ఒక ఉదయం. ఎముకలు కొరికే చలి. మిష్రిఫ్ ఎగ్జిబిషన్‌కు సరుకు ఎత్తాలి. అక్కడ ఒక పెద్ద వ్యాపారి చూసి నచ్చితేనే ఏడాది ఆర్డరు, నచ్చకపోతే మేడమ్ వాళ్ల ఊళ్లో గానుగ ఆగిపోయినట్టే. మునీంద్ర షట్టర్ పక్కనున్న సీసా తీసి చూశాడు. అడుగున తెల్లటి గడ్డలు! వాళ్ల ఊరి శెనగనూనె ఏ చలికీ గడ్డకట్టిన పాపాన పోలేదు. గడ్డకట్టేది డాల్డా. డాల్డా డబ్బా ఉన్నది గౌస్ పొయ్యి దగ్గర.

“ఏం కలిపినావురా నూనెలో?”

“నేనేం కలుపుతా అన్నా? చలికి అట్లయిందేమోలే” అని గౌస్ నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

“చలికి గడ్డకట్టేదానికి ఇదేమన్నా కొబ్బరినూనా? దొంగనాయాలా, ఆయమ్మ కడుపు కొడతావా!”

మొదటి దెబ్బకు గౌస్ సీసాల మీద పడ్డాడు. గాజు పగిలి వీపులో దిగింది. “అల్లా తోడన్నా, నేను కాదన్నా” అంటున్నా మునీంద్ర వినలేదు. జుట్టు పట్టి లేపి దవడ మీద గుద్దాడు, పడితే తన్నాడు, చెవి మీద తన్నాడు. పళ్లు ఊడి నూనెలో పడ్డాయి. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టి, ఆయాసపడుతూ నిలబడ్డాడు.

అప్పుడొచ్చింది మేడమ్. కేకలు వేస్తూ గౌస్ తలను ఒళ్లోకి తీసుకుంది. మునీంద్ర సీసా చూపించగానే ఆమె దాన్ని లాక్కుని హీటర్ పక్కన పెట్టింది.

“చలికి ఇది ఇలాగే అవుతుంది. నన్నొక్క మాట అడగడానికి ఏమైంది నీకు?” అని ఛెళ్లున చెంప మీద కొట్టింది.

అంబులెన్స్ వచ్చేలోపే సీసాలో తెలుపు కరిగి నూనె బంగారంలా తేటపడింది. మునీంద్ర అక్కడే కూలబడి ఏడ్చాడు. ఏడ్చి ఏం లాభం?

ఆసుపత్రిలో పోలీసులు అడిగితే, నిచ్చెన మీంచి పడ్డానన్నాడు గౌస్.

“నా పేరెందుకు చెప్పలేదురా?” అన్నాడు మునీంద్ర, మంచం పక్కన తల వంచుకుని.

“నీ కోసం గాదులే. కేసయితే షెడ్డు మూస్తారు. ఆయమ్మోళ్ల పిల్లోళ్లు యాడికి పోవల్ల?”

ఆర్డరు వచ్చింది. ఊళ్లో గానుగ ఆడుతోంది. దవడ అతికాక గౌస్ పనిలోకి తిరిగొచ్చాడు, ఎడమ చెవి మాత్రం వినపడదు. మొదటిరోజు ఇద్దరూ పక్కపక్కనే నిలబడి సీసాలు నింపుతున్నారు. పై అరలో మూతల పెట్టె అందుకుందామని మునీంద్ర చెయ్యెత్తాడు. గౌస్ గరాటు వదిలేసి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని నేల మీద ముడుచుకుపోయాడు.

“మూతల కోసంరా, గౌసూ... మూతల కోసం” అన్నాడు మునీంద్ర. గౌస్ చేతులు తియ్యలేదు.