నలుగు ఎందుకు పెడతారు

పెళ్ళికూతుర్ని చేసే రోజు మా అక్క ఇంట్లో గొడవ జరిగింది. నగల దగ్గరో, మర్యాదల దగ్గరో జరిగుంటే నాకింత చికాకు ఉండేది కాదు, పెళ్ళిళ్ళలో అవి మామూలే. ఇది నలుగు దగ్గర జరిగింది. నెలలు గడిచినా నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. కూర కలుపుతూ ఆ మాటలే మళ్ళీ అనుకుంటాను. అప్పుడు చెప్పాల్సిన జవాబులు ఇప్పుడు తడతాయి, ఏం లాభం.

అక్కది విజయనగరంలో మేడ ఇల్లు. పై వాటాలో టాంజానియా నుంచి వచ్చిన ఒకమ్మాయి అద్దెకుంటుంది, ఊరి బయట కాలేజీలో ఇంజనీరింగు చదువుతోంది. ఆ చుట్టుపక్కల వీధుల్లో ఎవరూ ఆ పిల్లకు ఇల్లివ్వలేదు. ఇచ్చింది మా అక్కే. ఇది ముందే చెప్పకపోతే అక్కకు అన్యాయం చేసినదాన్నవుతాను. పిల్లకు జ్వరమొస్తే చారన్నం పట్టుకెళ్ళింది, కుక్కర్లో పప్పు పెట్టడం నేర్పింది. తెలుగు కూడా అక్క దగ్గరే నేర్చుకుంది కాబట్టి "ఏటి ఆంటీ, ఈరోజు కూరేటి?" అంటూ మెట్లు దిగుతుంది. అది విన్నప్పుడల్లా అక్క మురిసిపోయేది. మన యాసను సినిమాలో ఏ పనిమనిషికో, వెర్రిబాగులవాడికో పెట్టారంటే టీవీ కట్టేసే మనిషి మరి.

ఆ రోజు పొద్దున్నే అక్క కూతుర్ని పీట మీద కూర్చోబెట్టారు. సెనగపిండి, పసుపు, నువ్వులనూనె కలిపి ఇత్తడి పళ్ళెంలో పెట్టారు. ముత్తైదువలు ఒకరి తర్వాత ఒకరు చేతులకీ కాళ్ళకీ రాస్తున్నారు. పెళ్ళికూతురు పైవాటా అమ్మాయిని కూడా రమ్మని పిలిచింది. ఆ పిల్ల చేతులు కడుక్కుని ముందుకొచ్చేసరికి మా మేనత్త అడ్డుపడింది. "ముత్తైదువులే పెట్టాలమ్మా, పెళ్ళి కానోళ్ళు కాదు" అంది. అంతకు ముందే పక్కింటి డిగ్రీ చదివే పిల్ల నలుగు పెట్టి లేచింది. దానికీ పెళ్ళి కాలేదు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపలేదు.

పెళ్ళికూతురే ఆ పిల్ల చెయ్యి లాక్కుని పళ్ళెంలో ముంచి తన చేతికి రాసుకుంది. అప్పుడంది మేనత్త, "ఒసే, నీకున్న రంగు సాలదేటి, దాన్దీ అంటుకుంటే సాలూరోళ్ళకి ఏటి సెప్తాం?"

పెళ్ళికొడుకు వాళ్ళది సాలూరు, లారీలున్న కుటుంబం. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. అక్కది నలుపు. కూతురికీ అదే రంగు వచ్చింది.

ఆ పిల్లకు మాటలన్నీ అర్థం కాకపోయినా నవ్వు ఎటు తిరిగిందో అర్థమైంది. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది, "పిన్నీ, ఈ పిండి ఎందుకు రాస్తారు?"

ఆచారమని చెప్పేస్తే సరిపోయేది. కానీ నౌపడ దగ్గర మా ఊళ్ళో పెరటి బావి కళ్ళ ముందుకొచ్చింది. ఆదివారాలు అమ్మ మా ఇద్దరికీ నలుగు పెట్టేది. అక్కది నాన్న రంగు, నాది అమ్మ రంగు. నాకు అలా పూసి వదిలేసేది, ఆ మెత్తటి చేతులు వీపు మీద తిరుగుతుంటే నిద్రొచ్చేది. అక్కను మాత్రం అంట్లు తోమినట్టు తోమేది. మోచేతుల దగ్గర చర్మం లేచి, నీళ్ళు పోస్తే అక్క కెవ్వుమనేది. "ఓర్సుకోవే, రేపు నిన్నెవడు సేసుకుంటాడు" అనేది అమ్మ.

నేను తేల్చుకునేలోగా ఆ పిల్ల చేతులు కడుక్కుని మేడెక్కిపోయింది.

పెళ్ళికూతురు పీట మీద బిగుసుకు కూర్చుంది. "తను కిందకొస్తేనే నేను స్నానానికి లేస్తాను" అంది. ఒంటిమీద నలుగు ఆరి పెచ్చులు కడుతోంది. మంగళస్నానం వేళ మించిపోతోందని పురోహితుడు రెండుసార్లు కబురు పెట్టాడు. ఇక ఇల్లంతా ఒక్కసారి లేచింది.

"ఎటకారానికి ఒక మాటన్నాను. నన్ను పాపిష్టిదాన్ని సేసేస్తన్నారు" అని మేనత్త కళ్ళొత్తుకుంది. రంగూ గింగూ అంటూ పెళ్ళింట్లో పేపరు కబుర్లొద్దని బావగారు కూతుర్ని కసిరారు. నేను ఊరుకోలేక, "దీన్నే వర్ణవివక్ష అంటారు బావా" అన్నాను. అంతే. మేనత్త అన్నదానికి లేని కోపం నేనన్న ఆ ఒక్క మాటకు వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరికి వారే మేం అలాంటివాళ్ళం కామని మొదలెట్టారు.

అందరికంటే గట్టిగా అరిచింది అక్క. "మనింట్లో అలాంటిదేటీ లేదే. ఈదిలో ఎవులూ ఇల్లియ్యకపోతే ఆ గుంటకి ఇచ్చింది నాను. నువ్విచ్చినావేటి?"

నిజమే, నేనివ్వలేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. "నవ్వినావు కదే అక్కా. నీ మోసేతులు మర్సిపోనావేటి? అమ్మ నిన్నెలా తోమీదో నాను సూడలేదేటి?" అన్నాను.

అక్క నావైపు చూసిన చూపు నాకు ఇంకా గుచ్చుకుంటుంది. "అయితే అమ్మకి నామీద పేమ లేదంటావేటి?" అంది.

నేను అన్నది అది కాదు. కానీ అక్కకు వినపడింది అదే. ఈ మాట ఎత్తితే ఇళ్ళల్లో నిప్పెందుకు రాజుకుంటుందో నాకు ఆ క్షణాన తెలిసింది. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు దుర్మార్గుడంటే అందరం ఒప్పుకుంటాం. చారన్నం పంపిన చెయ్యి, తలంటిన చెయ్యి ఆ పని చేసిందంటే ఎవరొప్పుకుంటారు?

అక్క కళ్ళు తుడుచుకుని కుంకుమ భరిణె తీసుకుని మెట్లెక్కింది. ఏమంటుందోనన్న భయంతో నేను వెనకే వెళ్ళి మెట్ల మలుపులో నిలబడ్డాను. తలుపు తెరుచుకుంది. అక్క బొట్టు పెట్టి పిలిచింది. ఆ పిల్ల కదల్లేదు. మళ్ళీ అదే అడిగింది, ఆ పిండి ఎందుకని.

"తెల్లగా అవుతారని," అంది అక్క. "నాకు సిన్నప్పట్నుంచీ రాసినారు. అవలేదు."

కాసేపటికి ఇద్దరూ దిగి వచ్చారు. ఆరిపోయిన పిండి మీద నూనె చిలకరించి, ఆ పిల్ల చేతే మళ్ళీ రాయించింది అక్క. మేనత్త గోడ వైపు తిరిగి తమలపాకులు తుడుస్తూ కూర్చుంది. పెళ్ళి జరిగిపోయింది, బాగానే జరిగింది.

మేనత్తతో అక్క మర్నాటికే మాట్లాడింది. మాటన్నది ఆవిడ, దూరమైంది నేను. ఫోన్ చేస్తే అక్క తీస్తుంది, బాగున్నావా అంటుంది, పెట్టేస్తుంది. మొన్న అమ్మ తద్దినం గురించి అడుగుదామని చేసినప్పుడు, మాటల్లో నేను అలవాటుగా అన్నాను, అమ్మ చేతులు ఎంత మెత్తగా ఉండేవో అని.



"నువ్వెప్పుడూ అలాగే సెప్తావు," అంది అక్క. "నాకు తెల్దే."