మీటరమ్మ సుద్దగీతలు

ఈ నగరాన్ని కొందరు మేడ మీంచి చూస్తారు. కొందరు బస్సు కిటికీలోంచి చూస్తారు. మీటరమ్మ పందొమ్మిదేళ్ళుగా వంటింటి సింకు కిందనుంచి చూస్తోంది.

నీళ్ళ మీటర్లు ఉండేది అక్కడే. పాత భవనాల్లో గొట్టం ఎక్కడ లోపలికి వచ్చిందో అక్కడే మీటరు బిగించి వెళ్ళిపోయారు. సబ్బుపెట్టె, ఖాళీ సీసాలు, తడిగుడ్డ పక్కకి జరిపి, మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి, అద్దం మీది చెమ్మ బొటనవేలితో తుడిచి అంకెలు చదవాలి. పని రెండు నిమిషాలు. తలుపు తీయించుకోవడమే అసలు పని.

ఆఫీసు కార్డు మీద ఆమెకో పేరుంది. ఆ పేరు ఆఫీసువాళ్ళే మర్చిపోయారు. బస్సు డిపోలో టైర్లు మార్చే భర్త కూడా నలుగురిలో "మా మీటరమ్మ" అనే అంటాడు. ఆరు వీధులు, తొమ్మిది వందల తలుపులు ఆమె రౌండు. ఎవరి సింకు కింద పిల్లి ఈనిందో, ఎవరింట్లో అన్నదమ్ములు మాటలు మానేసి రెండు పొయ్యిలు పెట్టుకున్నారో ఆమెకు తెలుసు. తెలిసినా ఒక ఇంటి మాటను ఇంకో ఇంటి గడప దాటనివ్వదు.

పనిలో చేరిన మొదటి నెలలో ఒక పొరపాటు జరిగింది. నాలుగో అంతస్తులో ఒక తలుపు దగ్గర రెండుసార్లు బెల్లు కొట్టి, ఎవరూ రాకపోతే మెట్లు దిగిపోయింది. కింది దాకా వచ్చాక పైనుంచి కేక వినిపించింది. "తల్లీ! వస్తున్నానంటే వినవేం? నా కాళ్ళు నీ కాళ్ళలాంటివా?" మళ్ళీ ఎక్కి వెళ్తే, నడవడానికి ఊతగా ఇనుప చట్రం పట్టుకున్న ఒక పెద్దాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు.

ఆ రోజునుంచి ఆమె సంచీలో సుద్దముక్క ఉంటోంది. ద్వారబంధం కింద, ఎడమవైపు, గుమ్మానికి జానెడు ఎత్తున చిన్న గుర్తు. ఒక గీత అంటే పని అయింది. రెండు గీతలంటే లోపల నెమ్మదిగా నడిచే మనిషి ఉన్నారు, బెల్లు కొట్టి నిలబడు. సున్నా అంటే పసిబిడ్డో, రాత్రి డ్యూటీ మనిషో పడుకుని ఉంటారు, వేలితో తట్టు. ఇంటూ గుర్తు అంటే కుక్క. చెరిగిపోతే మళ్ళీ గీస్తుంది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఈ ఏడాది తలుపులు మారాయి. గడియ ఉన్న తలుపుకి గొలుసు వచ్చింది. గొలుసు ఉన్న తలుపుకి ఇనుప జాలీ వచ్చింది. బెల్లు కొడితే ముందు చిల్లులోంచి ఒక కన్ను వచ్చేది.

"ఊరు పాడైపోయింది మీటరమ్మా. పట్టపగలే దొంగలు."

"ఎక్కడ జరిగిందండీ?"

"అదిగో, వెనక వీధిలోనేనట."

వెనక వీధి కూడా ఆమె రౌండే. అక్కడికి వెళ్తే, "మా వీధి నయం. ముందు వీధిలోనే రోజుకొకటి," అన్నారు.

సాయంత్రం భర్తకు చెప్పింది. "దొంగతనాలన్నీ రెండు వీధుల మధ్య గోడలో జరుగుతున్నట్టున్నాయి."

"ఆ గోడకి మీటరుందా?" అన్నాడాయన, చేతుల గ్రీజు తుడుచుకుంటూ.

నవ్వింది కానీ, అంతా వదంతి కాదని ఆమెకు తెలుసు. మాస్టారు ఉండే ఐదంతస్తుల భవనంలో, రెండో అంతస్తు కోడలు రెండు నెలల కిందట బస్టాపులో నిలబడి ఉంటే ఎవరో ఫోను లాక్కుపోయారు. పడిపోయింది. మోచేతికి ఏడు కుట్లు. ఆ పిల్ల మళ్ళీ వీధిలో అడుగు పెట్టలేదని అత్తగారు సింకు దగ్గర చిన్న గొంతుతో చెప్పింది. కొత్త ఫోను వచ్చాక రోజంతా అందులోనే. ఎక్కడెక్కడి దొంగలూ ఆ ఫోనులోంచే ఇంట్లోకి వస్తున్నారు.

తీయని తలుపులు మొదటి నెల నూట పన్నెండు. రెండో నెల నూట నలభై.

సూపర్‌వైజరు ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు. కుర్చీలో కూర్చోబెట్టి మరీ చెప్పాడు. "అక్కా, పదో వంతు ఇళ్ళు తలుపు తీయకపోతే, అలా వరసగా మూడు నెలలు జరిగితే, రౌండు తీసేస్తారు. ఈ నెల తొంభై దాటకూడదు. దాటితే నా చేతిలో లేదు. స్టోరులో వేస్తారు. ఫ్యాను కింద కూర్చోవచ్చులే."

"కూర్చుని?"

"పైపులు చూసుకోవాలి."

"పైపులు 'బాగున్నావా మీటరమ్మా' అంటాయా?"

అతను తల దించుకున్నాడు. ఆమెకు ఇంకా నాలుగేళ్ళ ఉద్యోగముంది. నాలుగేళ్ళు పైపుల మొహం చూడాలంటే ఆమెకు చేదు మింగినట్టయింది.

మూడో నెల రెండో వారంలో, ముసురు పట్టిన ఉదయం, టోపీ ఉన్న వానకోటు వేసుకుని ఆమె ఐదంతస్తుల భవనానికి వెళ్ళింది. కింది అంతస్తు అయింది. మొదటి అంతస్తు అయింది. రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలమ్మ తలుపు దగ్గర వంగి, చెరిగిన రెండు గీతలూ మళ్ళీ గీస్తుంటే వెనక చిన్న చప్పుడైంది. తిరిగి చూసేసరికి ఎదుటి తలుపు మూసుకుంది. అది కోడలి తలుపు. బెల్లు కొట్టింది. ఎవరూ తీయలేదు. పైకి వెళ్ళింది.

మూడో అంతస్తు దాటేసరికి కింద గోల మొదలైంది. ఆమె దిగి వచ్చింది. మెట్ల మొదట్లో ఏడెనిమిది మంది ఉన్నారు. కింది అంతస్తులో కుట్టుమిషను పెట్టుకున్న టైలరు ముందు నిలబడి, చేతిలో గజంబద్ద ఎత్తి పట్టుకున్నాడు. అతని వెనక కోడలు, ఆమె చేతిలో ఫోను. అందులో వానకోటు వేసుకున్న ఒక వంగిన వీపు, ఒక చెయ్యి, సుద్దముక్క. కింద రాసి వీధివాళ్ళందరి ఫోను గుంపులో పెట్టింది: దొంగలు తలుపులకి గుర్తులు పెడుతున్నారు. ముసలివాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళకి రెండు గీతలు.

మీటరమ్మ టోపీ తీసింది.

"నువ్వా!" అన్నాడు టైలరు. బద్ద కిందికి దిగింది. పూర్తిగా దిగలేదు. "మరి ఆ గీతలెవరివి?"

గుమ్మడికాయ దొంగ అంటే ఆమె భుజాలు తడుముకోలేదు. సంచీలోంచి సుద్ద తీసి చూపించింది. "నావే. పందొమ్మిదేళ్ళుగా గీస్తున్నాను."

"రెండు గీతలంటే ముసలివాళ్ళే కదా? నేను రాసింది అబద్ధమా?" అంది కోడలు.

"నిజమే తల్లీ. వాళ్ళు వచ్చేదాకా నిలబడమని నాకు నేను చెప్పుకున్న మాట అది."

"మీకు మీరు చెప్పుకున్నారు. ఇంకొకడు చదువుకుంటే?"

వాన చూరునుంచి కారుతోంది. మీటరమ్మ సుద్దముక్క వైపు చూసింది. తన గుర్తులు తనకే అర్థమవుతాయని ఇన్నేళ్ళూ అనుకుంది. ఈ పిల్ల ఒక్క ఉదయంలో చదివేసింది.

"నాకు తట్టలేదు," అంది. "తుడిచేస్తాను. ఇప్పుడే."

తడిగుడ్డ తీసుకుని మొదటి గుమ్మం దగ్గర కూర్చుంది. వాళ్ళూ చుట్టూ నిలబడ్డారు. తుడిచాక గుర్తుండాలి కాబట్టి, తుడిచే ముందు పైకే చెప్పుకోసాగింది. ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. మొదట నోరు రాలేదు.

"ఇది సున్నా. ఈయన రాత్రంతా రొట్టెల బట్టీలో పని చేసి పగలు పడుకుంటాడు. బెల్లు కొట్టకూడదు."

"రొట్టెల బట్టీయా?" అన్నాడు టైలరు. "రాత్రిళ్ళు బయటికి పోతుంటాడని మేమంతా... ఛ!"

"మేమంతా అనకు," అంది కోడలి అత్తగారు వెనకనుంచి. "నువ్వే అన్నావు. మేం విన్నాం."

"సరే అత్తయ్యా, నేనే. మరి నా తలుపు మీద ఇంటూ ఎందుకమ్మా? పరీక్ష తప్పానా?"

"అది కుక్క."

"నాకు కుక్కెక్కడుంది?"

"ఉండేది. తొమ్మిదేళ్ళ కిందట నా పిక్క పట్టుకుంది. అది పోయిందని మీరు చెప్పారు కూడా. అయినా నెలనెలా గీస్తూనే ఉన్నాను."

ముందు అత్తగారు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. టైలరు గజంబద్దను గోడకి ఆనించాడు.

నాలుగో అంతస్తులో మాస్టారి తలుపు. టైలరు బెల్లు కొట్టి, క్షణం ఆగి మళ్ళీ కొట్టబోతే మీటరమ్మ అతని చెయ్యి పట్టుకుంది. లోపల చట్రం కాలు నేలను తాకిన చప్పుడు. ఆగింది. మళ్ళీ చప్పుడు. ఒక తలుపు దగ్గర అంతసేపు నిలబడటం వాళ్ళెవరికీ అలవాటు లేదు. ఒకరి ఊపిరి ఒకరికి వినిపించింది.

తలుపు తెరుచుకుంది. "మీటరు చదవడానికి ఊరేగింపుగా వచ్చారేం?" అన్నాడు మాస్టారు.

సంగతి చెప్పారు. ఆయన వంగలేడు కాబట్టి గీతల్ని తలుపు అంచు పట్టుకుని దూరం నుంచే చూశాడు.

"తుడిచెయ్యి. ఇంతమందికి తెలిసిపోయాక గోడకి తెలియడమెందుకు? అంకె చెప్పు, ఎంత వచ్చింది?"

ఆమె లోపలికి వెళ్ళి చదివి వచ్చింది. "ఏడు వందల నలభై రెండు."

"పోయిన నెల ఏడు వందల ముప్పై తొమ్మిది. మూడు. నేను స్నానం చేస్తున్నట్టే లెక్క."

కోడలు ఆ గదిలోకి చూస్తోంది. ఒక మంచం, కిటికీ, గోడ పొడవునా బిగించిన తాడు. రాత్రి లేస్తే పట్టుకుని నడవడానికి. "మీరు ఇక్కడ ఒక్కరే ఉంటారని నాకు తెలియదండీ," అంది. "రాత్రిళ్ళు పైనెక్కడో టకటక చప్పుడు వినిపించేది. ఎవరో దొంగగా తిరుగుతున్నారనుకున్నాను."

"ఈ కాళ్ళతో దొంగతనానికి వెళ్తే తెల్లారిపోతుందమ్మా," అన్నాడాయన.

ఆ భవనంలో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. కానీ మధ్యాహ్నం ఎదుటి భవనంలో ఒక్కటీ తెరుచుకోలేదు. వీపు బొమ్మ అక్కడికి ముందే చేరింది. ఆ భవనం బయటి మెట్ల మీద కూర్చుని లెక్క చూసుకుంటే అప్పటికే డెబ్బై ఎనిమిది. ఇంకా రెండు వీధులున్నాయి.

ఫోను మోగింది. సూపర్‌వైజరు. "అక్కా, నీ ఫొటో నాకూ వచ్చింది."

"బాగుందా?"

"వీపే కనిపిస్తోంది. సంచీ చూసి పోల్చుకున్నా."

"పోనీలే. వీపు వయసు చెప్పదు." పుస్తకం సంచీలో పెట్టుకుంటూ అంది, "స్టోరులో ఆ ఫ్యాను తిరుగుతుందా తమ్ముడూ?"



వీధికి అటువైపు కిటికీలోంచి కోడలు చూస్తోంది. ఉదయమే ఆ పిల్ల అదే ఫోను గుంపులో దిద్దుబాటు రాసింది: ఆమె దొంగ కాదు, మన మీటరమ్మ. ఎవరూ పట్టించుకోలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనేవాళ్ళు, ఈనలేదంటే తలెత్తి చూడరు. మీటరమ్మ ఎదుటి భవనంలోకి వెళ్ళడం, వచ్చి మెట్ల మీద కూలబడటం కోడలు చూసింది.

కాసేపటికి ఆ పిల్ల తన భవనం గుమ్మంలో కనిపించింది. చెప్పులు వేసుకుంది. వీధికి ఇటు చూసింది, అటు చూసింది. ఒక స్కూటరు పోతే వెనక్కి జరిగింది. తర్వాత మోచెయ్యి రెండో చేత్తో పట్టుకుని, పరుగులాంటి నడకతో దాటింది.

"పదండి," అంది. ఊపిరి ఎగపోస్తోంది. "నా మాట ఫోనులో చదవరు. తలుపు దగ్గర చెప్తాను. మొదటి అంతస్తులో నాకొక వదినగారున్నారు."

"నువ్వెందుకు తల్లీ, భయపడుతూ..."

"భయంగానే ఉంది. తొందరగా పదండి."

వదినగారి తలుపు చిల్లులోంచి ఒక కన్ను కనిపించింది. "ఎవరు?"

"నేను వదినా, ఎదుటి భవనం రెండో అంతస్తు."

"నువ్వా! బయటికొచ్చావా!" గొలుసు, గడియ, జాలీ, వరసగా చప్పుళ్ళు. "పిల్లా, ఎన్నాళ్ళయింది నిన్ను చూసి!"

మీటరు చదవడం రెండు నిమిషాల్లో అయింది. మాటలు కాలేదు. మాట్లాడుతూనే వదినగారు చెప్పులు వేసుకుంది. పక్కింటివాళ్ళు తన గొంతుకైతేనే తీస్తారంది. పక్కింటావిడ వచ్చి పై అంతస్తువాళ్ళని పిలిచింది. మూడో అంతస్తుకి వచ్చేసరికి ఆడవాళ్ళు ఆరుగురయ్యారు. లోపలినుంచి "ఎవరు?" అంటే ఆరు గొంతులూ ఒక్కసారే "నేనే" అన్నాయి. ఆ ఇంటాయన బెదిరిపోయి తీశాడు.

అలా ఒక ఇల్లు ఇంకో ఇంటికి ఆమెను అప్పగించింది. మిగిలిన రెండు వీధుల్లోనూ ఆమె ముందుగా తెలిసిన తలుపు తట్టింది. "పక్క గుమ్మం దాకా వస్తారా?" అని అడిగింది. పందొమ్మిదేళ్ళలో ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. కొందరు రాలేదు. చాలామంది వచ్చారు. నెలాఖరుకి మళ్ళీ తిరిగితే, ముందు మూసుకున్నవి కొన్ని తెరుచుకున్నాయి.

ఎనభై ఒకటి. సూపర్‌వైజరు రెండుసార్లు లెక్కపెట్టాడు. "తొంభైకి లోపే అక్కా," అన్నాడు, తన రౌండే నిలిచినట్టు.

మరుసటి నెల ఆమె ఐదంతస్తుల భవనానికి వెళ్ళింది. రెండో అంతస్తులో కోడలి తలుపు తట్టింది. పలుకు లేదు. ఆమె నిలబడింది. మళ్ళీ తట్టింది. పై మెట్ల మీంచి మాస్టారి గొంతు వినిపించింది.

"ఎంతసేపు తడతావు? అత్తాకోడళ్ళు లేరు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళారు. బజారంతా తిరిగి గానీ రామన్నారు."

"బస్సెక్కా?"

"బస్సెక్కే. నాకు బ్యాటరీలు తెమ్మన్నాను. నీకేమైనా కావాలంటే ముందే చెప్పాల్సింది."

మీటరమ్మ పుస్తకం తీసింది. ఆ నెలలో మొదటి తీయని తలుపు అది. ఇంటి నంబరు ఎదురుగా, నిదానంగా, గుండ్రటి అక్షరాలతో రాసింది: తలుపు తాళం. ఇంట్లో లేరు.