చాముండేశ్వరి కట్టిన ముందు వరుస

2012 వేసవిలో జెర్సీ సిటీ డాక్‌హ్యాండ్స్ అనే రగ్బీ లీగ్ జట్టు ఓడిన మ్యాచ్‌లన్నీ దాదాపు ఒకే తీరున ఓడింది. మొదటి సగం పోటాపోటీగా సాగేది. రెండో సగంలో ఫార్వర్డ్స్ నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడిపోయేవారు. ఇక అవతలి జట్టువాళ్లు తలుపు తీసి ఉన్న ఇంట్లోకి వచ్చినట్టు వాళ్ల మధ్య నుంచే వచ్చి బంతి దించి పోయేవారు.

ఆ ఆట తెలియనివాళ్లకి ఒక్క మాట. కబడ్డీనీ కుస్తీనీ కలిపి చేతికి ఒక కోలబంతి ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది రగ్బీ లీగ్. జట్టులో ఆరుగురు ఫార్వర్డ్స్. బంతి పట్టుకుని ఎదుటి వరుసను ఢీకొట్టేదీ, ఎదుటివాడు దూసుకొస్తే పడగొట్టేదీ ముఖ్యంగా వాళ్లే. పడగొట్టిన ప్రతిసారీ లేచి, వెనక్కి పరిగెత్తి, మళ్లీ వరుస కట్టాలి. వాళ్లలో ముందు వరుసలో నిలబడే ప్రాప్ అనే ఇద్దరిదీ అందరికన్నా మొరటు పని. వాళ్లు అలిసిపోతే జట్టు పని అయిపోయినట్టే.

డాక్‌హ్యాండ్స్ కోచ్ డెన్నిస్ హైస్కూల్లో పీఈ టీచరు. ఆ శరత్కాలంలో భుజం నొప్పితో ఫిజికల్ థెరపీ క్లినిక్‌కి వెళ్లాడు. అక్కడ అతనికి చికిత్స చేసింది చాముండేశ్వరి.

చాముండేశ్వరిది విజయనగరం పక్క ఊరు. కాలేజీ రోజుల్లో బరువులెత్తి రాష్ట్రస్థాయి పతకాలు తెచ్చుకుంది. మణికట్టు విరిగాక ఆ దారి మూసుకుపోయింది. ఫిజియోథెరపీ చదివి, ఉద్యోగం వీసా మీద 2003లో అమెరికా వచ్చింది. భర్త చక్రపాణి రోజూ పాత్ ట్రైన్ ఎక్కి మన్‌హట్టన్‌లో బ్యాంకు పనికి వెళ్లేవాడు. చాముండేశ్వరి మనిషి పొట్టి, మాట గట్టి. భుజం వ్యాయామం చేయిస్తున్నంతసేపూ డెన్నిస్ తన ఫార్వర్డ్స్ గురించి వాపోతుంటే వినీ వినీ, చివరికి ఒకరోజు అంది.

“కోచ్, వాళ్లని ఒకసారి నాకు చూపించు. రోజూ ఈ ఏడుపు నేను వినలేను.”

అలా మొదలైంది. వారానికి రెండు సాయంత్రాలు స్కూలు జిమ్‌లో ఆమె డాక్‌హ్యాండ్స్ ఫార్వర్డ్స్‌ని తయారు చేసేది. జీతం లేదు. ఆ జట్టులో ఎవరికీ లేదు. ఒకడు ఫైర్‌మన్, ఒకడు ప్లంబర్, ఒకడు ట్రక్కు నడిపేవాడు. ఆ ట్రక్కు డ్రైవరు పేరు కార్ల్. జట్టు పుట్టినప్పటి నుంచీ ప్రాప్‌గా ఆడుతున్నవాడు అతనే.

చలికాలమంతా ఆమె తనకి తెలిసిన విద్యే నేర్పింది: బరువులు. అందరూ లావెక్కారు, మెడలు దిట్టపడ్డాయి. ఏప్రిల్‌లో ట్రయల్ మ్యాచ్ పెడితే రెండో సగంలో మళ్లీ అదే కథ. నడుం మీద చేతులు, రొప్పు, ఓటమి. మ్యాచ్ అయ్యాక బూట్లు విప్పుకుంటూ కార్ల్ అన్నాడు.

“చామ్, మాకు బలం చాలు. కింద పడ్డాక లేవడానికే ప్రాణం ఉండట్లేదు. ఇంకో ఇరవై పౌండ్లు ఎత్తించినా అదే జరుగుతుంది.”

ఆమెకి తల కొట్టేసినట్టయింది. కానీ అతను చెప్పింది నిజమని వెంటనే తెలిసింది. వీళ్లలో చాలామంది అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి వచ్చినవాళ్లు. అందులో ఒక్క ఢీ తర్వాత ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది, ఇందులో లేదు. మర్నాటి నుంచి బరువులు తగ్గించి దండీలు, బస్కీలు మొదలుపెట్టింది. జిమ్ నేల మీద బోర్లా పడటం, లేవడం, వెనక్కి పరిగెత్తడం, మళ్లీ పడటం. “పడు!” అని ఆమె తెలుగులోనే అరిచేది. “లే!” అనేది. ఆ ఫైర్‌మన్‌కీ ప్లంబర్‌కీ వచ్చిన తెలుగు ఆ రెండు ముక్కలే.

అయితే ఆ వ్యాయామంలో కార్ల్ మోకాలి సంగతి బయటపడింది. లేచేటప్పుడు ప్రతిసారీ కుడి కాలు పక్కకి జారుతోంది. చేత్తో పట్టి చూస్తే కీలు వదులుగా ఆడుతోంది. ఆమె అతన్ని పక్కకి పిలిచింది.

“కార్ల్, ఈ మోకాలితో నువ్వు మ్యాచ్ మొదలుపెట్టకూడదు. బెంచి మీద ఉండు. తప్పనిసరైతే చివర్లో కాసేపు. అంతకు మించి నేను ఒప్పుకోను.”

“ఈ జట్టులో నా ముందు ఎవరూ ప్రాప్ ఆడలేదు, తెలుసా?” అన్నాడు కార్ల్.

“తెలుసు.”

“నా చోట ఎవరు?”

“తెస్తాను,” అంది చాముండేశ్వరి.

ఆమె తెచ్చినవాడు మానవ్. ఎడిసన్‌లో ఉండే, తనకి తెలిసినావిడ కామేశ్వరి కొడుకు, అక్కడే పుట్టి పెరిగినవాడు. స్కూల్లో, కాలేజీలో రెజ్లింగ్ చేశాడు. జర్నల్ స్క్వేర్ దగ్గర గది తీసుకుని కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఉగాది ఫంక్షన్‌లో పెద్ద పెద్ద స్పీకర్ బాక్సుల్ని ఒంటిచేత్తో వ్యానులోకి ఎక్కిస్తుంటే చూసింది. కుర్రాడు ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. కామేశ్వరే ఒప్పుకోలేదు.

“తలలు పగిలే ఆట అటగా?”

“నేను గ్రౌండ్‌లోనే ఉంటానండీ. వాణ్ణి నా కళ్ల ముందే ఉంచుకుంటాను. నా మాట నమ్మండి.”

కామేశ్వరి నమ్మింది.

జూన్‌లో సీజన్ మొదటి మ్యాచ్. ఎదురుగా ఫిలడెల్ఫియా వైపు జట్టు. కిందటేడు డాక్‌హ్యాండ్స్‌ని రెండుసార్లు మట్టి కరిపించింది వాళ్లే. ఆ ఉదయం మానవ్‌ని చాముండేశ్వరే తన కార్లో ఎక్కించుకుని గ్రౌండ్‌కి తీసుకొచ్చింది. దారంతా వాడు కాళ్లు ఆడిస్తూనే ఉన్నాడు.

ఎండ మండిపోతోంది. మొదటి సగం అయ్యేసరికి డాక్‌హ్యాండ్స్ నాలుగు పాయింట్లు ముందుంది. రెండో సగం మొదలైంది. కిందటేడు నడుం మీద చేతులు పెట్టుకున్నవాళ్లు ఈసారి పడుతున్నారు, లేస్తున్నారు, వెనక్కి పరిగెడుతున్నారు. మానవ్ అందరికన్నా ముందు లేస్తున్నాడు. డెన్నిస్ గీత పక్కన నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఫైర్‌మన్ పక్కటెముక దెబ్బతిని ఆటలోంచి బయటికొచ్చాడు. ఇంకొకడికి తొడ కండరం పట్టేసింది. వాళ్ల స్థానాల్లోకి బెంచి మీదివాళ్లు వెళ్లిపోయారు. మిగిలింది కార్ల్ ఒక్కడే.

చాముండేశ్వరి గ్రౌండ్ ఈ చివర ఒకడి వేళ్లకి టేప్ చుడుతోంది. అవతలి చివర ఏదో పెద్ద ఢీ జరిగినట్టు జనం “ఓహ్” అన్నారు. ఆమె తలెత్తేసరికి మానవ్ లేస్తున్నాడు. లేచి, నిదానంగా నడుచుకుంటూ వెళ్లి, ఫిలడెల్ఫియా వాళ్ల వరుసలో నిలబడ్డాడు.

జనం నవ్వారు. పక్కవాడు మానవ్ భుజం పట్టి ఇవతలికి తోశాడు. మానవ్ కూడా నవ్వాడు.

ఆమెకి నవ్వు రాలేదు. నీళ్ల సీసా పట్టుకుని లోపలికి పరిగెత్తింది. ట్రైనర్ ఆట మధ్యలో లోపలికి వెళ్లొచ్చు.

“ఏటిరా, ఎటు నిలబడ్డావ్?”

“ఐ యామ్ గుడ్ ఆంటీ. జస్ట్ కన్‌ఫ్యూజ్ అయ్యాను.”

“నా కళ్లల్లోకి చూడు. ఇవాళ ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారు నిన్ను?”

మానవ్ ఆలోచించాడు. ఎండకి కళ్లు చికిలించాడు.

“అమ్మ,” అన్నాడు. “అమ్మ డ్రాప్ చేసింది.”

ఆమె వాడి జెర్సీ గుప్పిట్లో పట్టుకుంది. “పద. బయటికి పద.”

“నో ఆంటీ! ప్లీజ్. వుయ్ ఆర్ విన్నింగ్!” వాడు విదిలించుకోబోయాడు. వాడి భుజం దాకా కూడా రాదు ఆమె. కానీ కాళ్లు ఎడం చేసి నేలలో పాతినట్టు నిలబడింది, పట్టు వదల్లేదు. రిఫరీ విజిల్ ఊది ఆట ఆపాడు.

గీత అవతలి నుంచి డెన్నిస్ అరిచాడు. “చామ్, ఏం చేస్తున్నావ్? వాడు నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు! ఇంకో పది నిమిషాలు!”

“ఎక్కడున్నాడో తెలియట్లేదు వాడికి.”

“నాకు మిగిలింది కార్ల్ ఒక్కడే. అతను వద్దన్నది నువ్వే కదా!”

అది నిజమే. ఆమె బెంచి వైపు చూసింది. కార్ల్ అప్పటికే లేచి నిలబడ్డాడు. మోకాలికి పట్టీ బిగించుకుంటున్నాడు. ఆ మోకాలిలో ఏముందో ఆమెకి తెలుసు. ఒకడి తల, ఇంకొకడి కాలు. తలని బాగుచేసే విద్య తన దగ్గర లేదు.

“కార్ల్ వస్తాడు,” అంది. “వీడు ఇక ఆడడు. కావాలంటే నన్ను రేపటి నుంచి రావద్దను.”

మానవ్ గీత దాటగానే గడ్డి మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. “స్కోర్ ఎంత ఆంటీ?” అన్నాడు. చెప్పింది. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పింది. అంబులెన్సులో ఎక్కాక కూడా అదే ప్రశ్న. వాడి చెయ్యి పట్టుకుని అడిగిన ప్రతిసారీ మొదటిసారి చెప్పినట్టే చెప్పింది.

కామేశ్వరికి ఫోన్ చేసింది. ఎలా చెప్పిందో తర్వాత ఆమెకే గుర్తులేదు.

ఆసుపత్రి వెయిటింగ్ రూములో కూర్చుని ఉండగా డెన్నిస్ ఫోన్ వచ్చింది. ఆఖరి నిమిషాలన్నీ తమ గోల్ గీత మీదే ఆడామనీ, అవతలివాళ్లు ఒక్కడు కూడా దాన్ని దాటలేదనీ, ఆ నాలుగు పాయింట్లతోనే గెలిచామనీ చెప్పాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, ఆఖరి టాకిల్‌లో కార్ల్ మోకాలు పోయిందన్నాడు. మోసుకుని బయటికి తేవాల్సొచ్చిందట. ఆమె “సరే” అని ఫోన్ పెట్టేసింది. తలుపు తోసుకుని కామేశ్వరి లోపలికి వచ్చింది.

స్కాన్‌లో మెదడు పక్కన చిన్న రక్తస్రావం కనిపించింది. డాక్టరు ఇద్దరికీ కలిపే చెప్పింది. ఆపరేషన్ అవసరం రాకపోవచ్చు, రెండు రోజులు ఇక్కడే ఉంచి చూస్తాం, ఆ దెబ్బ మీద ఇంకో దెబ్బ పడి ఉంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు అని.

డాక్టరు వెళ్లేదాకా కామేశ్వరి ఆగింది.

“నా కళ్ల ముందే ఉంచుకుంటానన్నావ్.”

“అన్నాను.”

“దెబ్బ తగిలినప్పుడు చూశావా?”

“లేదు,” అంది చాముండేశ్వరి. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

“నీకు పిల్లలుంటే తెలిసేది.”

చక్రపాణి వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా చాముండేశ్వరి అక్కడే నిలబడింది. ఇంటికి వెళ్తుంటే కార్లో ఆయన అన్నాడు. “నువ్వు ఆ క్షణాన లాగకపోతే ఏమయ్యేదో ఆవిడా విన్నది కదా.”

“విన్నది. అయినా వాణ్ణి అక్కడికి తీసుకెళ్లింది నేనేనండీ.”

మిగతా సీజన్‌కి ఆమె వెళ్లలేదు. డెన్నిస్ కూడా పిలవలేదు. డాక్‌హ్యాండ్స్ కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది. కార్ల్ మాత్రం ఆపరేషన్ అయ్యాక ఆమె క్లినిక్‌కే వచ్చాడు. “నువ్వు వద్దన్నావు, నేను వెళ్లాను. నీ మొహం అలా పెట్టకు,” అంటూ వారం వారం కాలు వంచడం నేర్చుకున్నాడు. మళ్లీ ట్రక్కు ఎక్కేంతగా బాగుపడ్డాడు. ఆట మాత్రం అయిపోయింది.

సెప్టెంబరులో డెన్నిస్ వచ్చాడు. భుజం కోసం కాదు.

“వచ్చే సీజన్‌కి కార్ల్ లేడు, మానవ్ లేడు. ముందు వరుస మళ్లీ కట్టాలి. నువ్వు రావాలి.”

“ఒక్క షరతు. నేను బయటికి రమ్మన్నవాడు బయటికి రావాలి. ఫైనల్ అయినా సరే. నువ్వు గీత పక్కన నిలబడి అరవకూడదు.”

“అరవకుండా ఎలా ఉంటాను? కోచ్‌ని నేను!”

“అయితే వేరేవాళ్లని చూసుకో.”

డెన్నిస్ లేచి వెళ్లిపోయాడు. అక్టోబరంతా గడిచింది. ఆ తర్వాత క్లబ్ సమావేశం జరిగిందని, ఆమె షరతుని నిబంధనల్లో రాసుకున్నారని కార్ల్ చెప్పాడు. దాన్ని ప్రతిపాదించింది డెన్నిస్సేనట. మర్నాడు అతనే వచ్చి, “ఆ రోజు నేను స్కోరు చూస్తున్నాను, వాణ్ణి చూడలేదు,” అన్నాడు.

నవంబరులో కామేశ్వరి ఫోన్ చేసింది. ఆసుపత్రి తర్వాత అదే మొదటిసారి.

“వాడు మళ్లీ ఆడతానంటున్నాడు. నా మాట వినట్లేదు. నువ్వు చెప్తే వింటాడేమో.” ఫోన్ పెట్టేసే ముందు, “రా,” అంది.

ఎడిసన్‌లో ఆ ఇంటి మెట్లెక్కి చాముండేశ్వరి బెల్లు కొట్టింది. మానవ్ సన్నబడ్డాడు. తలనొప్పులు తగ్గాయి, ఉద్యోగానికి వెళ్తున్నాడు.

“డాక్టర్ మేబీ అన్నారు ఆంటీ. నెక్స్ట్ ఇయర్, మేబీ.”

“నేను నో అంటున్నాను.”

“ఇట్స్ మై హెడ్!”

“నీదే. అందుకే నో. వేరే జట్టుకి వెళ్తే ఆపలేను. డాక్‌హ్యాండ్స్‌లో మాత్రం నేను ఉన్నంతకాలం నువ్వు గీత దాటవు.”

వాడు విసురుగా లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కామేశ్వరి కాఫీ తెచ్చి ముందు పెట్టింది. ఇద్దరూ తాగారు. గ్లాసులు ఖాళీ అయ్యాక తలుపు తెరుచుకుంది. మానవ్ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“మరి నా ప్లేస్‌లో ఎవరు?”

“ఇంకా దొరకలేదు. వెతకాలి.”

“కాలేజ్‌లో నాతో రెజ్లింగ్ చేసినవాడు ఒకడున్నాడు. నెవార్క్‌లో ఉంటాడు. నాకన్నా బిగ్. నంబర్ ఇవ్వనా?”

చాముండేశ్వరి కామేశ్వరి వైపు చూసింది. కామేశ్వరి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“ఇవ్వు,” అంది. “వాళ్లమ్మ నంబర్ కూడా ఇవ్వు.”

ఆ కుర్రాడు జనవరిలో జిమ్‌కి వచ్చాడు. మొదటి రోజు వాళ్లమ్మ కూడా వెంట వచ్చింది. గోడ పక్కన కుర్చీ వేసుకుని, కోటు కూడా విప్పకుండా ఆఖరిదాకా కూర్చుంది.