రాజలింగం కలిపిన అంగుళం

రాజలింగం తాత నాగళ్లు చేసేవాడు. తండ్రి జనగామ పక్క పల్లెలో ఎడ్లబండ్లు చేసేవాడు. రాజలింగం మాత్రం పట్నం వచ్చి యూనివర్సిటీ వర్క్‌షాపులో వడ్రంగిగా కుదిరి, పద్దెనిమిదేళ్లుగా బెంచీలు చేస్తున్నాడు. క్యాంపస్‌లో ఏ క్లాసుకు వెళ్లినా సగంమంది అతని చేతిపని మీదే కూర్చుని పాఠం వినేవాళ్లు. ఆ బెంచీల మీద కుర్రాళ్లు తమ పేర్లు, తమ కంటికి నచ్చిన అమ్మాయిల పేర్లు మేకులతో చెక్కేవాళ్లు. చేసినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. అందుకు రాజలింగం కుమిలిపోయాడని చెప్పను గానీ, ఆ రాతలను రందాతో చిత్రిక పట్టి తీసేటప్పుడు ఒక్కొక్క పేరూ చదివి మరీ తీసేవాడు.

1968 జనవరిలో ఫిజిక్స్ లెక్చరర్ సోమయాజులు వర్క్‌షాపుకు ఒక పెద్ద కాగితం చుట్ట పట్టుకొచ్చాడు. ఆయనది గోదావరి వైపు ఊరు, కాపురం తార్నాకలో. ఆ చుట్ట ఇంగ్లండు నుంచి తెప్పించిన పడవ ప్లాను. తెరచాపతో పరుగెత్తే పందెపు పడవను ఇంటి పెరట్లోనే కట్టించి, జూలైలో హుస్సేన్ సాగర్‌లో జరిగే పందేల్లో దింపాలని ఆయన కోరిక.

“నేను పడవ ఎక్కనే లేదు సారు. చెయ్యాల్నంటే ఎట్ల?” అన్నాడు రాజలింగం.

“ఎక్కక్కర్లేదయ్యా, కడితే చాలు. పందెం ఫారంలో ‘కట్టినవారు’ అని ఒక గడి ఉంది. అందులో నీ పేరు రాస్తాను.”

ఆ గడి మాటకు రాజలింగం పడిపోయాడు. ఫోర్‌మన్ గట్టయ్య మాత్రం, “ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతదట” అని వర్క్‌షాపంతా వినేలా అన్నాడు.

ఆరోజు నుంచి సాయంత్రం అయిదు కొట్టగానే రాజలింగం సైకిలెక్కి తార్నాక పోయేవాడు. ఆదివారాలు సీతాఫల్‌మండిలోని ఇంటి నుంచి సద్ది కట్టుకుని వచ్చేవాడు. సోమయాజులు సంగతేమిటంటే, ఒక్క మేకు దిగకముందే పడవకు వేసే రంగు డబ్బాలు కొని తెచ్చాడు. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అని ఆయన భార్య కమలాదేవి నవ్వింది. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి ఆమె. ఆయన గాలి గురించి పుస్తకంలో వెతుకుతుంటే, ఆమె తీగ మీద ఆరేసిన చీర వైపు ఒకసారి చూసి, పడమటి గాలి అని చెప్పేసేది. పందెంలో ఆయన పక్కన కూర్చోబోయేది కూడా ఆమే.

అసలు కథ మార్చిలో జరిగింది. రాజలింగానికి తండ్రి నేర్పిన లెక్క ఒకటుంది. ఏ వస్తువైనా పొడుగును అంగుళాల్లో కొలిచి ఎనిమిదితో భాగించాలి. మిగిలిన శేషమే దాని ఆయం. మూడు మిగిలితే సింహం, ఏడు మిగిలితే ఏనుగు, మంచివి. నాలుగు కుక్క, ఆరు గాడిద, చెడ్డవి. ఆయం చూడకుండా అతని వంశంలో గడప కాదు గదా, పీట కూడా చేయలేదు. ప్లానులో పడవ పొడుగు పదమూడు అడుగుల పది అంగుళాలు, అంటే నూట అరవై ఆరు. రాజలింగం వేళ్ల మీద లెక్కపెట్టాడు. శేషం ఆరు. గాడిద.

మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ గాడిదే.

అంతే, చప్పుడు చేయకుండా వెనక వైపు ఒక్క అంగుళం కలిపేశాడు. ఏనుగైంది. సారుకు చెప్పలేదు. చదువుకున్నవాళ్లకు ముందు చెబితే వాదిస్తారు, చెప్పకుండా చేస్తే మెచ్చుకుంటారు. యూనివర్సిటీలో అన్నేళ్లు పనిచేసి అతను సంపాదించిన జ్ఞానమిది. సోమయాజులు కూడా తక్కువవాడు కాదు. చెక్క మందాన్ని వెర్నియర్ పెట్టి వెంట్రుకవాసి తేడా లేకుండా చూశాడే గానీ, ఈ చివర నుంచి ఆ చివరకు టేపు లాగాలని ఆరు నెలల్లో ఒక్కసారీ తోచలేదు.

పందేనికి వారం ముందు, ఆదివారం పొద్దున, పందేలు నడిపే క్లబ్బు తరఫున కొలతలు చూసే కెప్టెన్ ఉమాపతి సోమయాజులు ఇంటికి వచ్చాడు. నేవీలో పనిచేసి రిటైరైన మనిషి. పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, అతుకుల మీద వేలు పెట్టి రాసి చూసి, బాగుందన్నట్టు తలాడించాడు. ఆ తర్వాత టేపు తీశాడు.

“అంగుళం ఎక్కువుంది. పావు అంగుళం దాకా ఒప్పుకుంటాం. ఇది పందెంలోకి రాదు.”

సోమయాజులు ముఖం పాలిపోయింది. రాజలింగం తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

“నేనే కలిపిన సారు. గీ కొలతకు గాడిద ఆయం వస్తున్నది.”

“ఏమిటయ్యా, గాడిదేమిటి?” అన్నాడు సోమయాజులు.

“బెంచీ అయితే పోనీ అనుకుందు. ఇది నీళ్ల మీద పోయేది. అండ్ల మీరు కూసుంటరు, అమ్మ కూసుంటది. చెడ్డ ఆయం పెట్టి మిమ్ముల ఎట్ల తోలియ్యాలె?”

కోప్పడబోయిన సోమయాజులు కెప్టెన్ వైపు తిరిగి, ఒక్క అంగుళమే కదా అన్నాడు. కెప్టెన్ మాత్రం నిబంధన నిబంధనే అన్నాడు. శనివారం సాయంత్రం మళ్లీ వస్తానని, అంగుళం తగ్గితే సరి, లేకపోతే ఫారం చించేయాల్సిందేనని చెప్పాడు. రాజలింగానికి ఆ గడి కళ్ల ముందు కదిలింది. ఆరు నెలల ఆదివారాలు, గట్టయ్య నవ్వు, అన్నీ కదిలాయి. అంగుళం కోస్తే పేరుంటుంది, ఆయం పోతుంది. కోయకపోతే ఆయం ఉంటుంది, పేరు పోతుంది. కోయనని చెప్పడానికే అతను సిద్ధపడ్డాడు. సరిగ్గా అప్పుడే, చుక్కాని బిగించే చోటు రాకముందే కెప్టెన్ టేపు ఆపడం గుర్తొచ్చింది.

“కెప్టెన్ సాబ్, చుక్కాని లెక్కకు రాదా?”

“రాదు. చుక్కానీ, దాన్ని బిగించే దిమ్మా కొలతలోకి రావు.”

“దిమ్మ ఎంత మందం ఉండాల్నని రాసిన్రా?”

కెప్టెన్ పుస్తకం తీసి తిప్పాడు. రాయలేదు.

రాజలింగం తలగుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. పాము చావాలి, కర్ర విరగకూడదు. వారం రోజుల్లో పడవ వెనక సరిగ్గా అంగుళం కోశాడు. లోపల కొత్త పలక కూర్చోబెట్టాడు. కోసిన టేకు ముక్కనే అంగుళం మందం చుక్కాని దిమ్మగా చెక్కి వెనక బిగించాడు. ఇంగ్లండు లెక్కకు నూట అరవై ఆరు, తండ్రి లెక్కకు నూట అరవై ఏడు. శనివారం కెప్టెన్ కొలిచాడు, దిమ్మ వైపు చూశాడు, రాజలింగం వైపు చూశాడు, నవ్వాపుకుంటూ ఫారం మీద సంతకం పెట్టాడు. కమలాదేవి కుంచె తీసుకుని పడవ ముక్కు మీద ‘గజలక్ష్మి’ అని రాసింది.

పందెం రోజున రాజలింగం భార్య బుచ్చవ్వను వెంటబెట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. పన్నెండు తెరచాపలు ఒక్కసారి గాలికి పొంగాయి. ఎవరు ముందున్నారో అతను చూడనే లేదు. పడవలోకి నీళ్లు వస్తున్నాయా, కమలాదేవి డబ్బా పట్టుకుని తోడుతోందా అని అదే చూశాడు. ఆమె తోడలేదు. ఆమె నవ్వుతోంది. పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్లను చీల్చుకుంటూ పోతుంటే రాజలింగానికి కడుపు నిండిపోయింది. తన చేతిలో తయారైనది ఏదైనా పరుగెత్తడం అతను చూడటం అదే మొదటిసారి. బెంచీలు పరుగెత్తవు కదా.

గజలక్ష్మి అయిదోది వచ్చింది. సోమయాజులు మొదటిదే వచ్చినట్టు తడి బట్టలతోనే అందరికీ చేతులు కలిపాడు. కెప్టెన్ ఉమాపతి రాజలింగాన్ని పక్కకు పిలిచాడు.

“నాకూ ఒకటి కట్టిపెట్టాలి. ఆయం నువ్వే చూసుకో, దిమ్మ మాత్రం ముందే చెప్పు.”

క్లబ్బు గోడకు నల్లబోర్డు వేలాడదీశారు. పడవ పేరు, నడిపినవారు, కట్టినవారు. కట్టినవారి కింద మిగతా గడుల్లో అన్నీ బొంబాయి కంపెనీలు, ఇంగ్లండు కంపెనీలు. ఒక్క గడిలోనే మనిషి పేరుంది. ఇంగ్లీషులో రాసినా రాజలింగం గుర్తుపట్టాడు. గుర్తింపు కార్డు మీద రోజూ చూసేదే.

“ఏది నీ పేరు?” అని అడిగింది బుచ్చవ్వ. ఆమెకు చదువు రాదు.

అతను వేలుతో చూపించాడు. బుచ్చవ్వ కళ్లు తుడుచుకుని, ఆ పేరును తడమడానికి చెయ్యి చాచింది. రాజలింగం చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“ముట్టకు. చాక్‌పీస్‌తోని రాసిన్రు, పోతది.”

“పోతే పోనియ్యి,” అంది బుచ్చవ్వ. “కెప్టెన్ సాబ్ పడవ కట్టినంక మల్ల రాస్తరు గద.” చెయ్యి విడిపించుకుని పేరు మీద మెల్లగా వేళ్లు ఆనించింది.