బాబిన్‌కో చుక్క

తాతకు ఉన్నది ఒకటే పిచ్చి. నూనె. తినే నూనె కాదు, మిషన్‌కు వేసే నూనె. సన్నటి ముక్కు ఉన్న చిన్న డబ్బా ఒకటి ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేది. తలుపు కిర్రుమంటే చుక్క. గొడుగు తెరుచుకోకపోతే చుక్క. కళ్లజోడు కాడ బిగుసుకుంటే చుక్క. వీధిలో అందరూ ఆయన్ని చుక్కల తాత అనేవారు. కొత్తగా దిగిన పక్కింటావిడ ఆ పేరు విని, ఈ వయసులో ఈ తాగుడేమిటని నెల రోజులపాటు ఆయన ఎదురుపడితే మొహం తిప్పుకుంది.

అందరికంటే ఎక్కువ చుక్కలు తాగింది మాత్రం అమ్మమ్మ బొంతలు కుట్టే పెద్ద మిషన్. అది ఇంట్లోకి వచ్చిన రోజున సోఫా బయటికి పోయింది. దాని చట్రం ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుంది. పైగుడ్డ, దూది పొర, అడుగుగుడ్డ కలిపి చట్రానికి బిగించి, మిషన్‌ను రెండు పిడులతో పట్టుకుని పట్టాల మీద అటూ ఇటూ నడిపిస్తూ కుట్టాలి. కూర్చుని కుట్టే పని కాదు. అమ్మమ్మ పొద్దున నిలబడితే సాయంత్రం దాకా అంతే.

అలా నిలబడనిస్తే ఆయన తాత ఎందుకవుతాడు? అడుగుదారం చుట్టిన బాబిన్ అరగంటకొకటి అయిపోయేది. అయిపోవడమే ఆలస్యం, పెరట్లో ఉన్నవాడు కూడా ప్రత్యక్షం.

"ఆపు. దీనికి నూనె కావాలి."

"ఇందాకేగా వేశారు."

"ఇందాకటిది ఇందాకే అయిపోయింది. లోపల కొక్కెం ఎంత స్పీడుగా తిరుగుతుందో నీకేం తెలుసు? ఎండితే అరిగి కూర్చుంటుంది."

బాబిన్ తీసి, లోపల పేరుకున్న దూది నూగును బ్రష్‌తో ఊడ్చి, ఆమెకు వీపు పెట్టి వంగి, "ఒక్క చుక్క" అని గంభీరంగా ప్రకటించేవాడు. పొడిగుడ్డతో పట్టాలు తుడిచేవాడు. తర్వాత పనికిరాని గుడ్డ మీద పది నిమిషాలు తానే కుట్టు నడిపించేవాడు.

"నూనె సర్దుకోవాలి. నువ్వా స్టూలు మీద కూర్చో. ఊరికే కూర్చోలేకపోతే మంచినీళ్లు తాగు."

"నేను మిషన్‌గా పుట్టినా బాగుండేది. నన్నెప్పుడైనా ఇంత ఇదిగా చూశారా?" అని సణుక్కుంటూ కూర్చునేది అమ్మమ్మ.

తొమ్మిదో తరగతిలో చదువుకు దండం పెట్టి, పని నేర్చుకుంటానని వచ్చి వీళ్ల దగ్గరే ఉండిపోయిన మనవరాలికి ఇదంతా పెద్ద వినోదం. "తాతా, జ్వరం కూడా చూడు" అనేది. తాత నిజంగానే మోటారు మీద అరచెయ్యి ఆనించి, "కొంచెం వెచ్చగానే ఉందే" అనేవాడు.

రెండు నెలల క్రితం అమ్మమ్మ పోయింది. చట్రం మీద తెల్లటి బొంత సగంలో ఆగిపోయింది. తొమ్మిదేళ్లుగా అందరికీ కుట్టిపెట్టి, మొదటిసారి తనకూ తాతకూ అని మొదలుపెట్టిన బొంత అది. మిగతా సగం మనవరాలు అందుకుంది. అమ్మమ్మ పువ్వుల పక్కన తన పువ్వులు, పంతులమ్మ దస్తూరీ పక్కన పలక పట్టిన పిల్ల రాతలా ఉన్నాయి. అయినా కుట్టింది. ఏడుపు వచ్చినప్పుడు ఇంకా గబగబా కుట్టింది.

చిక్కల్లా నూనెతో వచ్చింది. తొమ్మిదేళ్లలో ఏ బొంత మీదా మరక పడలేదు. ఈ రెండు నెలల్లో మూడు పడ్డాయి. మూడోది సరిగ్గా అమ్మమ్మ కుట్టిన పువ్వు మీద. సబ్బు పెట్టి రుద్దినా దాని నీడ పోలేదు. ఆ డబ్బా తాత చేతిలోంచి తీసేసుకోవలసిందేనని మనవరాలు నిశ్చయించుకుంది. కానీ ఎలా? అమ్మమ్మ పోయాక ఆ మనిషి రోజంతా కలిపి మాట్లాడేది ఒక్క మాట. "ఆపు. దీనికి నూనె కావాలి."

ఆ మాట కూడా తన నోటితో ఆపించలేక, మిషన్ బిగించిన మెకానిక్‌ను పిలిపించింది.

మెకానిక్ మూత విప్పి నోరెళ్లబెట్టాడు. "ఇదేంటి తాతగారూ, ఇంత జిడ్డు? రోజుకొక్క చుక్క చాలని మొదటిరోజే చెప్పాను కదా."

"చెప్పావు" అన్నాడు తాత.

మనవరాలు తాత వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి బాబిన్‌కో చుక్క ఏంటి?"

తాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అమ్మమ్మకి గుండె వీక్. అరగంటకోసారి కూర్చోబెట్టమన్నాడు డాక్టరు. కూర్చోమంటే వినే మనిషా? డాక్టరుతోనే నిలబడి వాదించింది. మిషన్ పాడవుతుందంటే మాత్రం కూర్చునేది."

"తొమ్మిదేళ్లు ఇంత నూనె పోశావా?"

"పొయ్యలేదే. పొద్దున ఒక్క చుక్క. ఆ తర్వాతవన్నీ ఉత్తుత్తివే. వీపు అడ్డం పెట్టి డబ్బా వంచేవాణ్ణి, నొక్కేవాణ్ణి కాదు. ఇప్పుడు ధ్యాస ఉండట్లేదమ్మా. నొక్కేస్తున్నాను. పడిపోతోంది."

మెకానిక్ తల వంచుకుని, తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"ఇప్పుడు అమ్మమ్మ లేదుగా, ఇంకా ఎందుకు?" అని అడగబోయి మనవరాలు ఆగింది. పొద్దుటి నుంచి తాను నిలబడే ఉన్న సంగతి అప్పుడు కాళ్లు చెప్పాయి.

మెకానిక్ వెళ్లాక ఆమె చెయ్యి చాపింది. తాత డబ్బా ఇచ్చేశాడు. ఖాళీ అయిన చొక్కా జేబును ఓసారి తడుముకుని కిటికీ వైపు తిరిగాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి, నూనెంతా ఒక సీసాలోకి వంచేసింది. డబ్బాను వేడినీళ్లతో కడిగి, ముక్కులో గుడ్డపీలిక దూర్చి శుభ్రం చేసి, పొయ్యి సెగకు ఆరబెట్టింది. తెచ్చి తాత చేతిలో పెట్టింది.

తాత డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. మనవరాలి మొహంలోకి చూశాడు. ఆమె ఏమీ ఎరగనట్టు కుట్టు మొదలుపెట్టింది.

అరగంటకు బాబిన్ అయిపోయింది.

"ఆపు. దీనికి నూనె కావాలి."

ఆమె పిడులు వదిలి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. తాత నూగు ఊడ్చాడు. ఈసారి వీపు అడ్డం పెట్టలేదు. ఆమెకు కనబడేలాగే వంగి డబ్బా నొక్కాడు, ఒకటి కాదు, రెండుసార్లు.

"తాతా, రెండు చుక్కలు పడ్డాయి."

"పడనీ. ఈ కొత్త నూనె మంచిది, మరక పడదు" అన్నాడు తాత. "నువ్వు మంచినీళ్లు తాగు."