ఎల్వుడ్ తాత గుంజలు, మా అమ్మమ్మ తెర

కెంటకీ సరస్సులోని క్రాపీ చేపలన్నిటితో మా అమ్మమ్మ ఓలెటాకి పేరు పెట్టి పిలిచేంత చనువుంది. ఆమె పడవ రేవు దిగిందని తెలిస్తే చాలు, అవి ఒంట్లో ముళ్లు తామే పీక్కుని, మొక్కజొన్న పిండిలో పొర్లి, మూకుడు ఇంకెంత దూరమని అడుగుతాయి. బిగ్ శాండీ పాయలో ఈ మాట కాదనేవాళ్లుంటే నా దగ్గరికి రండి. ఆవిడ దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఈ మార్చి నుంచి చేపల మాటెత్తితే గిన్నెలు తోమడం మొదలుపెడుతోంది. తోమిన గిన్నెలే మళ్లీ తోముతోంది. అందుకు సగం కారణం నేను. సగం కంటే ఎక్కువేనేమో, చివరిదాకా చదివి మీరే తేల్చండి.

అమ్మమ్మకి డెబ్బై నాలుగు. ముప్పై ఏళ్లు ఓవరాల్స్ కుట్టే ఫ్యాక్టరీలో జేబులు కుట్టింది. ఇప్పటికీ ఎవరి ప్యాంటు చూసినా ముందు జేబు కుట్టు చూస్తుంది, తర్వాతే మొహం. తాతయ్య పోయాక ఆయన పదహారడుగుల అల్యూమినియం పడవ ఎవరికీ ఇవ్వనంది. దాని వెనక చిన్న బ్యాటరీ మోటారు ఒకటి ఉండేది. చేత్తో పట్టి తిప్పుకోవాలి. తిప్పీ తిప్పీ ఆవిడ కుడి భుజం పాడైపోయింది. ఒక చేత్తో మోటారు, ఒక చేత్తో గాలం పట్టుకోవడం ఇక తన వల్ల కాదని ఫిబ్రవరిలో మా కొట్టుకి వచ్చింది.

మా కొట్టు అంటే నాది కాదు. హైస్కూలు ఆఖరి ఏడాదిలో బడి మానేసి, రేవు పక్కన పడవ సామాన్లు అమ్మే చోట చేరాను. లెక్కలు రావు గానీ మోటార్ల గురించి అడిగితే తడుముకోకుండా చెబుతాను.

"ఇది యాభై ఐదు పౌండ్ల బలంతో తోస్తుంది, ఒక్క బ్యాటరీ చాలు. అది ఎనభై పౌండ్లు, రెండు కావాలి," అన్నాను.

"తోసి ఎక్కడికి పంపిస్తుందే నన్ను?"

"గాలికి ఎదురెళ్లాలంటే బలం ఉండాలిగా."

"గాలొస్తే ఇంటికొస్తాను. నాకు పరిగెత్తేది వద్దు, నిలబెట్టేది కావాలి. ఎర అడుక్కి దిగేలోపు పడవ పక్క జిల్లాకి పోతోంది."

కాలితో తొక్కి నడిపేది చూపిస్తే ఎడమ మోకాలు తట్టి చూపించింది. చివరికి పడవ ముక్కు దగ్గర బిగించే రకం చూపించాను. మెళ్లో వేసుకునే మీట ఉంటుంది. అది నొక్కితే మోటారు ఉపగ్రహాలని చూసుకుంటూ, దానంతటదే అటూ ఇటూ తిరుగుతూ పడవని ఉన్నచోటే నిలబెడుతుంది.

"అంటే ఆకాశంలోంచి ఎవరో నా పడవ పట్టుకుంటారన్నమాట."

"అంతే అనుకో."

"నలభై ఏళ్లు మీ తాతని పట్టుకోమన్నాను. ఒక్కసారి పట్టుకోలేదు."

మోటారు అలా కుదిరింది. తర్వాత చేపల్ని చూపించే తెర. అమ్మమ్మ చిన్నది పట్టుకుంది. పడవ కింద ఏముందో చూపించేది. నిజం చెప్పాలంటే ఆవిడకి అది చాలు. కానీ నీళ్లలోకి శబ్దం పంపి ముందున్నది చూసే సోనార్, పెద్ద తెరతో కలిపి అమ్మినవాళ్లకి ఏప్రిల్ శనివారాలు సెలవిస్తానని మా యజమాని అప్పటికే చెప్పాడు. ఏప్రిల్‌లో క్రాపీ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తుంది. ఆ నెలలో శనివారం కొట్లో నిలబడడం కంటే జైలే నయం.

"కింద చూసేది పనికిరాదు అమ్మమ్మా. చేప కనబడేసరికి పడవ దాని నెత్తినుంటుంది, అది పారిపోతుంది. ఇది చూడు. నలభై అడుగుల ముందున్న చేప తోక ఊపడం కూడా కనిపిస్తుంది."

"దానికి తెలీకుండా దాని ఇంట్లోకి తొంగి చూడ్డం కాదటే?"

"దానికి పరదాలు లేవుగా."

నవ్వింది. కొనేసింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఏదోలా ఉంటుంది.

సోనార్ మొదట మోటారు కాడకే బిగించాను. బుద్ధి తక్కువ పని. పడవని నిలబెట్టడానికి మోటారు తిరిగినప్పుడల్లా తెర మీద బొమ్మ కూడా గిర్రున తిరిగేది. "నాకు చేపలు చూపించమంటే తల తిప్పుతున్నావేంటే," అంది. దాంతో దానికి వేరే గొట్టం, పైన పట్టుకునే పిడి పెట్టాను. ఎటు తిప్పితే అటు చూస్తుంది. మోటారు బ్యాటరీకే కలిపితే తెర మీద గీతలు వస్తున్నాయని విడిగా చిన్న బ్యాటరీ కూడా పెట్టాను. గొట్టం తిప్పే పని నాది. అందుకే చెబుతున్నాను, ఆ రోజు అటు తిప్పింది నేనే.

మార్చి మొదటి వారం. పాత వంతెన స్తంభాలకి పడమర వైపు వెళ్తున్నాం. తెర మీద నీళ్ల అడుగున నిలువు గీతలు వచ్చాయి. కర్ర గుంజలు. వాటి మధ్య గింజలు చల్లినట్టు చేపలు. మెల్లగా తిప్పితే గుంజలన్నీ కలిసి లాడం ఆకారంలో కనిపించాయి.

అమ్మమ్మ ఎర చేతిలోనే ఆపేసింది. "ఇది ఎల్వుడ్‌ది," అంది.

శీతాకాలం డ్యామ్ వాళ్లు నీళ్లు దించినప్పుడు మా వాళ్లు బురదలో దిగి గుంజలు కొడతారు. నీళ్లు పెరిగాక క్రాపీ అక్కడ చేరుతుంది. ఆ గుంజల గుంపునే గూడు అంటాం, కొట్టినవాడిదే గూడు. చట్టంలో ఎక్కడా లేదు, నీళ్లు అందరివీ. అయినా ఒకరి గూటి మీద ఇంకొకరు గాలం వేయరు. ఎక్కడ పట్టావని అడగరు, అడిగితే "చేప మూతి దగ్గర" అంటారు. ఎల్వుడ్ తాత మా తాతయ్యకి స్నేహితుడు, గుర్రాలకి లాడాలు కొట్టేవాడు. తన గూడు లాడంలా ఉంటుందని ఊరంతా చెప్పుకున్నాడు గానీ ఎక్కడుందో పెళ్లానికి కూడా చెప్పలేదు. డిసెంబరులో ఆయనకి తుంటి ఆపరేషన్ అయింది. అప్పటినుంచి పడవెక్కలేదు.

"పోదాం పద," అంది అమ్మమ్మ. మెళ్లో మీట పట్టుకుంది. నొక్కింది. పడవ అక్కడే నిలబడిపోయింది.

"ఒక్కసారి వేస్తాను. తెర నిజం చెబుతోందో లేదో చూడ్డానికి."

మూడు గంటలున్నాం. ఇద్దరం చట్టం ఒప్పుకున్నన్ని పట్టాం. అంతసేపూ ఆవిడ నా వైపు చూడలేదు, నేనూ ఆవిడ వైపు చూడలేదు. వచ్చే ముందు తెర మీద వేలు పెట్టి ఆ చోట ఒక చుక్క గుర్తు పెట్టాను. ఎందుకని ఆవిడ అడగలేదు.

ఆ శుక్రవారం చర్చిలో చేపల విందు. అమ్మమ్మ ఆ చేపలన్నీ అక్కడికే పట్టుకెళ్లింది. ఇంట్లో ఉంచుకోవడం ఇష్టంలేక అనుకుంటాను. మొక్కజొన్న ఉండలు, క్యాబేజీ, తెల్ల చిక్కుళ్లు, మధ్యలో ఆ చేపలు. ఎల్వుడ్ తాత చేతికర్రతో వచ్చి కూర్చున్నాడు.

"ఓలెటా, ఇంత కండున్న క్రాపీ ఈ చుట్టుపక్కల తిని చాన్నాళ్లైంది. అడగకూడదు గానీ, ఎక్కడ పట్టావు?"

"మూతి దగ్గర," అంది అమ్మమ్మ. రోజూ అనే మాటే. ఆ రోజు ఆయన కంచంలో ఇంకో చేప వేస్తూ అంది.

"పడితే పట్టావులే. నా గూట్లో నా వాళ్లు నాకోసం కూర్చునుంటారు. ఏప్రిల్‌లో డాక్టరు వదిలితే వెళ్లి పలకరిస్తా."

ఇంటికొచ్చి అమ్మమ్మ గిన్నెలు తోమింది.

ఇప్పుడు నా వంతు. ఆ సోమవారం కొట్లో ఒకాయన పెద్ద తెర చూపించమన్నాడు. ఖాళీ తెర ఏం బాగుంటుందని అమ్మమ్మ పడవ తెరలోంచి, పెట్టిన గుర్తులన్నీ దాచుకునే చిన్న కార్డు తీసి మా తెరలో పెట్టాను, నిజం సరస్సు కనిపిస్తుందని. చుక్క, దాని పక్కన ఆ చోటు చెప్పే అంకెలు కూడా కనిపించాయి. ఆయన ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. తెర ఫోటో తీసుకుంటున్నాడనుకున్నాను. తెర కొనలేదు. శనివారానికి ఆ గుంజల మీద ఐదు పడవలున్నాయి. అమ్మమ్మ దూరం నుంచి చూసి వెనక్కి తిప్పుకొచ్చేసింది.

"కార్డు ఎక్కడికెళ్లిందే?" అంది ఇంట్లో.

చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఏప్రిల్ రెండో వారంలో ఎల్వుడ్ తాత ఫోన్ చేశాడు. డాక్టరు వదిలాడట, కానీ ఒంటరిగా పడవ తిప్పలేడు. "నీ పడవ దానంతటదే నిలబడుతుందటగా. నన్ను నా గూటికి తీసుకెళ్లు. ఎక్కడుందో ఇంతవరకూ ఏ మనిషికీ చూపించలేదు. నీకు చూపిస్తా."

"సరే," అంది అమ్మమ్మ. ఫోన్ పెట్టేశాక చాలాసేపు దాని మీద చెయ్యి తీయలేదు.

రేవులో ఆయన చేతికర్ర పడవలో పెట్టి, ఒక కాలు ఎత్తాడు.

"ఎక్కకు ఎల్వుడ్. ముందు ఒక మాట విను," అంది అమ్మమ్మ.

"ఎరలు మర్చిపోయావా?"

"నీ గూడు ఎక్కడుందో నాకు తెలుసు. వంతెన స్తంభాలకి పడమర, పన్నెండు అడుగుల లోతు. మార్చిలో కనిపించింది. నీదని తెలిసే పట్టాను."

ఆయన ఎత్తిన కాలు మెల్లగా కిందపెట్టాడు. "చర్చిలో నేను తిన్నవి?"

"అవే."

"మూడు తిన్నాను."

"నాలుగు. నేనే వడ్డించాను."

"ఇంకెవరికైనా తెలుసా?"

"చాలామందికి. నా తెర మీంచే వెళ్లింది," అంది అమ్మమ్మ. అంతే. ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో చెప్పలేదు. నేను పక్కనే నిలబడి, ముందే బిగించిన పట్టీని మళ్లీ బిగిస్తున్నాను.

ఆయన పడవెక్కి కూర్చున్నాడు. "పద. ఏం మిగిలిందో చూద్దాం."

దారి చెప్పలేదు, అమ్మమ్మ అడగలేదు. స్తంభాల దగ్గర ఆవిడ మీట నొక్కితే పడవ నిలబడింది. నేను గొట్టం తిప్పాను. బురదలో కొట్టిన గుంజల్ని నీళ్ల కింద ఉండగా ఆయన చూడడం అదే మొదటిసారి. తెరకి మొహం ఆనించి వేలితో లెక్కపెట్టాడు.

"ముప్పై రెండు కొట్టాను. ఇరవై ఆరే ఉన్నాయి. కుడి పక్కవి ఎవరో లంగరు వేసి లాగేశారు."

గుంజల మధ్య రెండో మూడో చేపలు. గంటన్నరలో ఆయనకి ఒకటి పడింది. అరచెయ్యంత కూడా లేదు. వదిలేశాడు.

"మీ ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు అడిగాడు," అన్నాడు అమ్మమ్మతో. "గూడెక్కడుందో ఇప్పుడైనా చెప్పరా, నేనెవరికి చెబుతాను అని. నవ్వి ఊరుకున్నాను. వాడికి చెప్పుండాల్సింది."

అమ్మమ్మ తన గాలం చుట్టేసింది.

"ఆ చుక్క తీసెయ్," అన్నాడు.

తీసేసింది. ఆయన చూస్తుండగానే పోయింది. ఇంకో ఐదు తెరల్లో అది అలాగే ఉందని పడవలో నాకు తెలుసు, అమ్మమ్మకి తెలుసు. రేవులో దిగేటప్పుడు ఆయన నా భుజం పట్టుకుని దిగాడు. "మంచి పిల్లవి రీవా, ముసలాళ్లకి చెయ్యందిస్తావు," అన్నాడు. అమ్మమ్మతో వెళ్లొస్తానని కూడా అనలేదు.

మూడు వారాలైంది. మోటారు పడవకే ఉంది. తెర ఊడదీయమంటే ఊడదీసి గ్యారేజీలో పెట్టాను. ఎల్వుడ్ తాత చర్చిలో ఇప్పుడు వేరే బల్ల దగ్గర కూర్చుంటున్నాడు. అమ్మమ్మ ఆయన బల్ల వైపు చూడకుండా వడ్డిస్తోంది. నాకు ఏప్రిల్ శనివారాలన్నీ సెలవే ఇచ్చారు. ఒక్క శనివారం కూడా సరస్సు మీదికి వెళ్లలేదు.

ఇదంతా రాసి, నిన్న సాయంత్రం అమ్మమ్మకి వంటింట్లో చదివి వినిపించాను. రేవులో ఆవిడ తన మీద వేసుకున్న నా తప్పు కూడా దాచకుండా రాశాను కాబట్టి, బాగుందంటుందేమో, ఒక్కసారి తల నిమురుతుందేమో అనుకున్నాను. చేతిలో మూకుడు కిందపెట్టకుండా చివరిదాకా విన్నది.

"నాకెందుకు చదువుతున్నావు?" అంది. "ఎల్వుడ్ ఇంటికెళ్లి చదువు."