అమ్మ మెడలో బరువైన కెమెరా

మా చిన్నప్పుడు పెళ్ళిళ్ళ రోజులొచ్చాయంటే ఇంట్లో నేనొక్కదాన్నే...

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో మాది ఒక అర్ర, ఒక వంటిల్లు. అమ్మ చీరల సందుగ తెరిచి, పాత పంచె ముక్కలో చుట్టిన కెమెరా బయటికి తీసేది. నాన్నది అది. నాన్న పోయాక ఆయన ఫోటో స్టూడియో మూతపడింది కానీ, కెమెరాను మాత్రం అమ్మ ఎవరికీ ఇవ్వలేదు. తనే నేర్చుకుంది.

పేపర్ల వాళ్ళు, పెద్ద స్టూడియోల వాళ్ళు వాడే రకం. నల్లగా, రెండు చేతులతో ఎత్తినా నాకు బరువే. అయితే ఎక్కడ ఏది ఉండాలో అక్కడే ఉండేది... చూపుడువేలు ఆనే చోట బటన్, బొటనవేలు పడే చోట రీలు తిప్పే మీట. అమ్మ కళ్ళు మూసుకుని కూడా అన్నీ తిప్పగలిగేది. లోపలికి తొంగిచూస్తే లెన్సు ఏం చూస్తోందో మనకూ అదే కనబడేది. బటన్ నొక్కిన క్షణంలో మాత్రం లోపలి అద్దం పైకి లేచి అంతా చీకటి.

"ఫోటో పడ్డప్పుడు తీసేటోళ్ళకు కనవడదు బిడ్డా" అని నవ్వేది అమ్మ.

మా చుట్టుపక్కల ముస్లింల పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు మగ ఫోటోగ్రాఫర్లను రానిచ్చేవారు కాదు. అందుకని అమ్మను పిలిచేవారు. 'ఫోటోవాలీ ఆపా'... ఫోటోల అక్క అంటే అందరికీ తెలుసు. అమ్మ వెళ్ళగానే నేను లోపల గొళ్ళెం పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. స్టేషన్ వైపు నుంచి రైలు కూతలు... మూతపెట్టిన కంచంలో అన్నం... ఒక్కదానికీ తినబుద్ధయ్యేది కాదు.

ఒకసారి నాకు జ్వరం తగ్గి ఇంకా నీరసంగా ఉందని, అమ్మ వెంట తీసుకెళ్ళింది. రాంగోపాల్‌పేట్‌లో మధ్యాహ్నం పెళ్ళి. పాతకాలపు ఇల్లు, మధ్యలో పైకప్పు లేని వాకిలి. నాకక్కడ ఎవరూ తెలియదు. పిల్లలంతా ఒకరి వెనక ఒకరు మెట్ల మీద ఉరుకుతుంటే, నేను గోడకానుకుని అమ్మనే చూస్తున్నాను.

పెళ్ళికూతురు పైగదిలో ఉంది. అమ్మ మెట్లెక్కుతుండగా ఆ పిల్లల గుంపు వచ్చి తగిలింది. కెమెరా బెల్టు పుటుక్కున తెగింది. రాతి మెట్ల మీద దొర్లుకుంటూ కెమెరా వచ్చి వాకిట్లో పడింది.



పెళ్ళికూతురి తల్లి పరుగున వచ్చింది. "అయ్యో, ఏమైంది ఆపా? ఖరాబైందా? ఇగ ఫోటోలెట్ల?"

అమ్మ కింద కూర్చుని కెమెరాను ఒళ్ళో పెట్టుకుంది. పైనుండే ఫ్లాష్ రెండు ముక్కలు. లెన్సు మీద బిగించిన గాజు పగిలింది. వెలుతురు ఎంతుందో చూపే ముల్లు కదలడం లేదు. ఒక మూల సొట్ట. ఈ పెళ్ళి ఫోటోలు చెడితే, రేపు అమ్మను ఇంకే ఇంటివాళ్ళు పిలుస్తారు?

పగిలిన గాజును విప్పి తీసేసింది. దాని వెనకున్న అసలు లెన్సుకు గీత కూడా పడలేదు. మీట తిప్పి బటన్ నొక్కింది. ఖట్... మళ్ళీ తిప్పింది. ఖట్. ఆ కెమెరా ఫోటో తీయడానికి బ్యాటరీతో పనిలేదు. లోపలంతా స్ప్రింగులూ పళ్ళచక్రాలే.

"కెమెరా నడుస్తుంది. లైటే లేదు. పిల్లను వాకిట్ల కూసోబెడితే ఎండల తీస్త" అంది అమ్మ.

"వాకిట్లనా! మొగోళ్ళు తిరుగుతున్నరు గదా ఆపా" అని తల్లి పరేషాన్ అయిపోయింది.

అప్పటిదాకా మూలన కుర్చీలో తస్బీ పూసలు తిప్పుకుంటున్న పెళ్ళికూతురి నాయనమ్మ, దాదీ, కర్ర పట్టుకుని లేచింది.

"మొగోళ్ళందరు బయటికి నడువుండ్రి! దర్వాజ బంద్ చెయ్యుండ్రి! పిల్ల ఫోటోలు అయ్యేదాంక ఒక్కడు సుత లోపటికి రావద్దు!"

వంటవాళ్ళు గరిటెలు వదిలేసి పోయారు. పెళ్ళికూతురి తండ్రి కూడా చెప్పులు చేతపట్టుకుని బయటికి నడిచాడు... నవ్వొచ్చింది నాకు.

వాలుతున్న ఎండలో పెళ్ళికూతురు కూర్చుంది. అమ్మ నేలమీద నీడను చూసి, లెన్సు చుట్టూ ఉన్న రింగును అందాజుగా తిప్పుకుంటూ తీసింది. దాదీ వచ్చి మనవరాలి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. అదీ తీసింది.

అప్పట్లో తీసింది ఎలా వచ్చిందో వెంటనే తెలిసేది కాదు కదా... ఫిల్ము కడిగి ఇచ్చేదాకా అమ్మ ముద్ద సరిగా మింగలేదు. ల్యాబ్ గుమ్మంలోనే నిలబడి కవరు చించింది. నేను ఫోటోలు చూడలేదు, అమ్మ ముఖమే చూశాను. ఒక్కొక్కటీ చూస్తూ చూస్తూ, చివరికి నవ్వింది.

పెళ్ళికూతురి తల్లి, దాదీ పిల్ల ముఖం పైకెత్తిన ఫోటోను ఎంతసేపు చూసిందో! "మా పిల్ల గింత మంచిగుంటదా ఆపా..." అంటూ అమ్మ చేతులు పట్టుకుంది. ఆ తర్వాత ఎవరు పిలిచినా, "ఎండల తియ్యి ఆపా" అనే అడిగేవారు.

మెల్లగా రోజులు మారాయి. ఆడపిల్లల చేతుల్లోకే ఫోన్లు వచ్చేశాయి, తమ ఫోటోలు తామే తీసుకున్నారు. అమ్మకు పిలుపులు తగ్గి, ఆగిపోయాయి. అయినా కెమెరా తుడవడం మానలేదు. ఇప్పుడు అమ్మ కూడా లేదు...

నేను పద్మారావు నగర్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఒక్కదాన్నే. మొన్న పై అంతస్తులో ఉండే కాలేజీ అమ్మాయి కెమెరా చూసి, "ఆంటీ, జెర పట్టుకోనిస్తరా?" అంది. వాళ్ళ ఫ్రెండ్సంతా ఇప్పుడు ఇవే వెతుక్కుంటున్నారట. తనే ఎక్కడినుంచో ఒక ఫిల్ము రోల్ తెచ్చి ఎక్కించి వెళ్ళింది. మీట తిప్పితే అదే శబ్దం, అదే గట్టితనం. బాల్కనీలో పావురాన్ని తీశాను, ఆరేసిన బట్టల్ని తీశాను, పొగలొస్తున్న చాయ్ కప్పును తీశాను... ఇంట్లో తీయడానికి ఇంకేముంది?

సికింద్రాబాద్‌లో ఎన్ని ఇళ్ళ ఆల్బమ్‌లలో అమ్మ తీసిన పెళ్ళికూతుళ్ళున్నారో! అమ్మది మాత్రం నా దగ్గర, రేషన్ కార్డు కోసం దిగిన చిన్న ఫోటో ఒక్కటే.

మీ ఇంట్లో అందరి ఫోటోలూ తీసింది ఎవరు? వాళ్ళు పడ్డ ఫోటో ఒక్కటైనా ఉంటే కింద కామెంట్లలో పెట్టండి... చూస్తూ కూర్చుంటాను.